చేతులు కదలని తమ్ముడికి ఫోను, కంప్యూటరు అందేదెలా?

ప్రశ్న: మా తమ్ముడికి ఇరవై తొమ్మిదేళ్ళు. ఎనిమిది నెలల క్రితం ప్రమాదంలో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. తల అన్ని వైపులా తిప్పగలడు, భుజాలు కాస్త ఎగరేయగలడు, చేతులు మాత్రం కదలవు. మాట స్పష్టంగానే ఉంటుంది కానీ సాయంత్రానికి గొంతు సన్నబడిపోతుంది. ఫోను చూడాలన్నా, పాట మార్చాలన్నా అమ్మనో నన్నో పిలవాలి. ఈమధ్య పిలవడం కూడా మానేశాడు. అడిగితే "వద్దులే అక్కా" అంటున్నాడు. ప్రమాదానికి ముందు కంప్యూటరు మీద లెక్కలు చూసే ఉద్యోగం చేసేవాడు. కంటిచూపుతో నడిచే యంత్రం కొనమని కొందరు, మెదడులో చిప్ పెట్టే రోజులు వస్తున్నాయి కాబట్టి ఆగమని మరికొందరు చెబుతున్నారు. ఏం కొనాలి? ఇంకో మాట: అమ్మ ఎనిమిది నెలలుగా అతని గదిలో నేల మీదే పడుకుంటోంది. ఆమె తన గదిలో తాను నిద్రపోయే వీలుందా? — ఒక అక్క

సమాధానం: మీ ఉత్తరం చదువుతూ, ఏ యంత్రం కొనాలన్న ప్రశ్న దాకా వెళ్ళకముందే, "వద్దులే అక్కా" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీ తమ్ముడికి ఫోను మీద విసుగు పుట్టిందని నేను అనుకోవడం లేదు, ప్రతిదానికీ అడగవలసి రావడం మీద పుట్టి ఉంటుంది. ఆ వయసు మనిషి స్నేహితుడికి ఒక్క ముక్క రాయాలన్నా ఆ ముక్కను ముందుగా తల్లికి చెప్పాలి, వచ్చిన జవాబును ఆమె చదివి వినిపించాలి. ఏ పాట మళ్ళీ మళ్ళీ వింటున్నాడో, ఎవరి ఫొటో దగ్గర ఆగాడో అన్నీ ఇంకొకరికి తెలిసే జరగాలి. మీరెంత ప్రేమగా చేసిపెట్టినా ఆ లోటు తీరదు. కాబట్టి ఏ ఏర్పాటు చేసినా, పక్కన ఎవరూ లేనప్పుడు, ఎవరికీ చెప్పకుండా అతను దాన్ని వాడుకోగలడా అన్న ఒక్క ప్రశ్న వేసుకుని చూడండి. కింద నేను చెప్పేదంతా ఆ ప్రశ్నను ముందు పెట్టుకునే చెబుతున్నాను.

కొనుగోలు సంగతి ఒక నెల పక్కన పెట్టండి. అంతకుముందు తేలవలసింది, మీ తమ్ముడి శరీరంలో ఏ కదలిక పూర్తిగా అతని అదుపులో ఉందన్నది. అది పెద్ద కదలికే కానక్కరలేదు. చేసిన ప్రతిసారీ ఒకే తీరుగా రావాలి, వద్దనుకున్నప్పుడు రాకుండా ఉండాలి, యాభై సార్లు చేసినా అలసట తేకూడదు, కూర్చున్నప్పుడూ పడుకున్నప్పుడూ సాధ్యపడాలి. భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ మొదట్లో బొటనవేలితో ఒక మీటను నొక్కి కంప్యూటరును నడిపేవారు. చెయ్యి ఆ మాత్రం కూడా సహకరించని దశ వచ్చాక, కళ్ళజోడుకు అమర్చిన చిన్న ఇన్‌ఫ్రారెడ్ పరికరం ఆయన చెంప కండరం కదలికను పసిగట్టి మీట పని చేసేది. ఆ ఒక్క చెంప కదలికతోనే ఆయన ఉపన్యాసాలు సిద్ధం చేసుకున్నారు, ఉత్తరాలు రాసుకున్నారు. ఆయన కోసం ఇంటెల్ సంస్థ తయారు చేసిన సాఫ్ట్‌వేరును 2015లో అందరికీ ఉచితంగా విడుదల చేశారు. మీ తమ్ముడి దగ్గర అంతకంటే చాలా ఎక్కువే ఉన్నాయి: మాట, తల, ముఖకవళికలు, ఊపిరి, కొంత భుజం. ఒక వారం పాటు వీటిలో ఏది ఉదయం ఎలా ఉంది, సాయంత్రం ఎలా ఉందన్నది అతనే చెబుతుండగా మీరు రాసిపెట్టండి. మెడను పదేపదే తిప్పే పద్ధతి ఏదైనా మొదలుపెట్టే ముందు ఫిజియోథెరపిస్టునో వైద్యుణ్ణో తప్పకుండా అడగండి. రోజువారీ పనులు సొంతంగా చేసుకునే మార్గాలు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు అందుబాటులో ఉంటే ఈ పరిశీలన వారి సమక్షంలో జరగడం మరీ మంచిది, ఎందుకంటే ఇది సరిగ్గా వారి విద్య.

సాయంత్రానికి గొంతు సన్నబడుతోందని రాశారు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవారిలో పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట కండరాలు బలహీనపడి, ఊపిరి పని చాలా వరకు ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రమ్ అన్న ఒక్క కండరం మీదే పడుతుంది. ఒక్కొక్క వాక్యానికి చాలినంత గాలి నింపుకోవడమే వారికి శ్రమ. కాబట్టి గొంతును మొదటి సాధనంగా తీసుకోండి, కానీ ఒక్క గొంతు మీదే అంతా ఆధారపెట్టకండి. పగటికి మాట, అలసిన వేళకు మరొకటి అని మొదటి రోజునుంచే రెండు దారులు వేయండి.

మాటతో ఫోను నడపడమంటే చాలామంది పాట పెట్టమని, ఫలానావారికి ఫోను చెయ్యమని సిరి వంటి ఫోను సహాయకుణ్ణి అడగడమే అనుకుంటారు. అది ఉపయోగమే కానీ, ఆ సహాయకుడు తనకు తెలిసిన పనులే చేస్తాడు. తెలియని యాప్ దగ్గరకు వచ్చేసరికి చేతులెత్తేస్తాడు. మీకు కావలసింది వేరే సౌకర్యం. ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని పేరు వాయిస్ యాక్సెస్, 2018లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఐఫోన్‌లో దాని పేరు వాయిస్ కంట్రోల్, 2019లో వచ్చింది. రెండూ ఉచితమే. ఐఫోన్‌లో సెట్టింగులలోని యాక్సెసిబిలిటీ విభాగంలో ఉంటుంది; ఆండ్రాయిడ్‌లో కూడా అక్కడే చూడండి, కనిపించకపోతే ప్లేస్టోరు నుంచి దింపుకోవచ్చు. వీటిని ఆన్ చేశాక "షో నంబర్స్" అంటే తెరమీద నొక్కదగిన ప్రతి బొత్తాం పక్కన ఒక అంకె పడుతుంది. "ట్యాప్ సెవెన్" అంటే ఏడో బొత్తాం నొక్కుకుంటుంది. అంకె పడని చోట, ఉదాహరణకు పటం మీదో ఫొటో మధ్యలోనో నొక్కాలంటే, "షో గ్రిడ్" అని తెరను గళ్ళుగా విడగొట్టి, కావలసిన గడిని మళ్ళీ చిన్న గళ్ళు చేసుకుంటూ చేరవచ్చు. పైకి జరపడం, వెనక్కి వెళ్ళడం, ఎక్కువసేపు నొక్కిపట్టడం అన్నిటికీ మాటలున్నాయి. అంటే వేలు చేసే పని దాదాపు అంతా, ఏ యాప్‌లోనైనా, మాట చేస్తుంది. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేటప్పుడు ఫోను పొరపాటుగా స్పందించకుండా ఐఫోన్‌లో "గో టు స్లీప్", మళ్ళీ కావలసినప్పుడు "వేకప్" అనాలి. అన్నిటికంటే ముందు నేర్చుకోవలసినవి ఈ రెండు మాటలే.

ఈ ఆదేశాలు ఇంగ్లీషులో చెప్పాలి. రోజూ అవసరమయ్యేవి కొన్నే కాబట్టి ఉద్యోగం చేసిన మనిషికి అది అడ్డంకి కాబోదు. తెలుగులో రాయడం మాత్రం వేరే సంగతి. గూగుల్ కీబోర్డు 2017 నుంచి తెలుగు మాటను విని అక్షరాలుగా మారుస్తోంది. కాబట్టి ఫోను నడిపే ఆదేశం ఇంగ్లీషులో, రాసుకునే వాక్యం తెలుగులో అన్న పద్ధతిని అతని ఫోనులో కూర్చుని ఒక పూట ప్రయత్నించి చూడండి. విరామ చిహ్నాలు లేకపోయినా, ఒకటి రెండు మాటలు తప్పుపడినా స్నేహితులకు అర్థమవుతాయి. మీరు పక్కన కూర్చుని దిద్దకండి. తెర దగ్గర ఉన్న ఫోను మైకు సన్నటి గొంతును సరిగా అందుకోకపోతే నోటికి దగ్గరగా ఉండే హెడ్‌సెట్ మైకు పెట్టండి. నా అనుభవంలో మాట తప్పుగా పడుతోందన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం మైకు మారిస్తే తగ్గిపోతాయి. గొంతు పెంచి గట్టిగా చెప్పమని మాత్రం ఎప్పుడూ అనకండి. గట్టిగా చెప్పినంత మాత్రాన యంత్రానికి ఎక్కువగా అర్థమైపోదు, మనిషి మాత్రం అలసిపోతాడు.

ఇక రెండో దారి. దీన్ని స్విచ్ పద్ధతి అంటారు. తెరమీద ఒక వెలుగు గడి వరసగా ఒక్కొక్క వస్తువు మీదుగా జరుగుతూ పోతుంది, కావలసిన చోటికి రాగానే ఒక్క సంకేతం ఇస్తే అది ఎంపికవుతుంది. ఆండ్రాయిడ్‌లో దీన్ని స్విచ్ యాక్సెస్ అనీ, ఐఫోన్‌లో 2013 నుంచి ఉన్న దాన్ని స్విచ్ కంట్రోల్ అనీ పిలుస్తారు. సంకేతం ఏదైనా కావచ్చు. తలగడ పక్కన బిగించిన పెద్ద బొత్తాన్ని తలతో తాకడం కావచ్చు, ముందు కెమెరా చూస్తుండగా తల కుడికో ఎడమకో తిప్పడం కావచ్చు, ఐఫోన్‌లో 2021 నుంచి నోటితో చేసే చిన్న చప్పుడు కూడా కావచ్చు. అదే ఏడాది ఆండ్రాయిడ్‌లో కెమెరా స్విచ్‌లు వచ్చాయి: చిరునవ్వు, కనుబొమలు ఎగరేయడం, నోరు తెరవడం, కుడికి, ఎడమకు, పైకి చూడటం అన్న ఆరింటిలో దేన్నయినా సంకేతంగా ఎంచుకోవచ్చు. ఈ ఆలోచన కొత్తది కాదు. రెగ్ మాలింగ్ అనే ఆయన ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రికి వెళ్ళివస్తూ, అక్కడి పక్షవాత రోగులు ఎవరినైనా పిలవాలంటే ఒక గంట తప్ప మరో దారి లేదని గమనించి, గొట్టంలోంచి ఊపిరి పీల్చడం, ఊదడం అన్న రెండు సంకేతాలతో టైపురైటరును నడిపే యంత్రాన్ని 1960లో రూపొందించారు. ఆ ఊపిరి స్విచ్‌లను ఇప్పటికీ వాడుతున్నారు. మీ తమ్ముడికి ఊపిరే కొరతగా ఉంది కాబట్టి నేను ముందుగా కెమెరా స్విచ్‌ను, అది కుదరకపోతే తలకు అందే బొత్తాన్ని సూచిస్తాను.

స్విచ్‌తో రాయడం నెమ్మది. పూర్తి తెలుగు కీబోర్డు మీద అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు అన్నీ దాటుకుంటూ వెలుగు గడి తిరగాలంటే ఒక్క మాటకే ఓపిక నశిస్తుంది. ఇరవై ఆరు ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే తెలుగు లిపిలోకి మార్చే కీబోర్డు పెట్టి, మాట సగంలో ఉండగానే పూర్తి మాటను సూచించే సౌకర్యాన్ని ఆన్ చేస్తే శ్రమ బాగా తగ్గుతుంది. "సరే", "తర్వాత మాట్లాడతా", "ఇప్పుడు ఒంటరిగా లేను" వంటి వాక్యాలను ముందే భద్రపరిచి, ఒక్క ఎంపికతో పంపుకునేలా చేయండి. ఆ వాక్యాలు ఏవో మీ తమ్ముడే నిర్ణయించాలి.

మెడ సులువుగా తిరిగేవారికి మరో మార్గం కెమెరాతో నడిచే మౌస్. కంప్యూటరుకు ఉన్న మామూలు వెబ్‌క్యామ్ ముక్కునో ముఖాన్నో గమనిస్తూ, తల జరిగిన వైపు తెరమీది బాణాన్ని జరుపుతుంది. ఒకచోట కాసేపు నిలిపితే క్లిక్ అవుతుంది. బోస్టన్ కాలేజీలో తయారైన కెమెరా మౌస్, ఎవరైనా మార్చుకోదగిన ఈవయాకామ్ అన్నవి ఉచితంగా దొరుకుతాయి. గూగుల్ 2023లో ప్రకటించిన గేమ్‌ఫేస్ కూడా తల కదలికలతో, ముఖకవళికలతో ఇదే పని చేస్తుంది. నిలిపితే క్లిక్ అయ్యే వ్యవధిని మొదట్లో ఒకటిన్నర సెకను దగ్గర పెట్టి, చెయ్యి తిరిగిన కొద్దీ తగ్గించండి. రాస్తూ రాస్తూ "చెయ్యి తిరగడం" అనేశాను. మన భాషలో నేర్పుకు ఉన్న మాటలన్నీ చేతి చుట్టూనే ఉన్నాయి. మీ తమ్ముడి విషయంలో ఆ నేర్పు మెడకు వస్తుంది, కానీ పది పన్నెండు రోజులు పడుతుంది. మొదటి రెండు రోజుల్లో బాణం ఎటెటో పరుగెత్తితే ఇది తనవల్ల కాదని తేల్చుకోవద్దని అతనికి ముందే చెప్పండి.

కంటిచూపు యంత్రం గురించి అడిగారు. అందులో కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కళ్ళ మీద వేసి, నల్లగుడ్డు మీది మెరుపుకూ కంటిపాపకూ మధ్య స్థానాన్ని కెమెరా కొలిచి, చూపు తెరమీద ఎక్కడ ఉందో లెక్కగడుతుంది. చూపుతో నడపడంలో ఒక మౌలికమైన చిక్కుంది. కన్ను చూడటానికి పుట్టిన అవయవం, నొక్కడానికి కాదు. చదవడానికి చూసినదీ, నొక్కడానికి చూసినదీ యంత్రానికి ఒకేలా కనిపిస్తాయి. పరిశోధకులు దీనికి, తాకినదల్లా బంగారమైపోయిన గ్రీకు రాజు మైడాస్ పేరు పెట్టారు. మనం భస్మాసురుణ్ణి తలుచుకోవచ్చు: ఎవరి తల మీద చెయ్యి పెట్టినా బూడిదైతే ఆ వరం మోయడం ఎంత కష్టమో, చూసినదల్లా నొక్కుకుపోతే తెర ముందు కూర్చోవడం అంత కష్టం. అందుకే చూపు నిలిపే వ్యవధి పెట్టుకోవాలి, విశ్రాంతికి ఒక మూల వదలాలి, మధ్యమధ్య కళ్ళకు విరామం ఇవ్వాలి. ఎండ పడే గదిలోనూ, కళ్ళజోడు మెరిసినప్పుడూ ఇది తడబడుతుంది. తల కూడా కదపలేని, మాట పోయిన వారికి, ముఖ్యంగా కండరాలను నడిపే నరాలు క్రమంగా దెబ్బతినే ఏఎల్‌ఎస్ వంటి జబ్బు ఉన్నవారికి ఇది ప్రాణంతో సమానం. ఆ జబ్బు ఉన్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు స్టీవ్ గ్లీసన్ 2014లో అడిగిన సాయం నుంచి మొదలైన పనే 2017లో విండోస్ 10లో చూపుతో నడిపే సౌకర్యంగా చేరింది. మాట, మెడ రెండూ ఉన్న మీ తమ్ముడికి మాత్రం ఇది మూడో స్థానంలో ఉండవలసిన సాధనమని నా అభిప్రాయం. 2024లో వచ్చిన, ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేరు ఐఓఎస్ 18 నుంచి, ఐఫోన్ 12 గానీ ఆ తర్వాతివి గానీ అయితే, ముందు కెమెరాతోనే చూపును గమనించే సౌకర్యం ఉంది. ఎవరి దగ్గరైనా అలాంటి ఫోను ఉంటే కదలని చోట, ముఖానికి ఒకటిన్నర అడుగు దూరంలో నిలబెట్టి చూడమనండి. చూపు పద్ధతి తనకు నప్పుతుందో లేదో పెద్ద యంత్రం కొనకుండానే ఒక గంటలో అతనికి తెలిసిపోతుంది.

మెదడు చిప్ కోసం ఆగకండి. మనుషుల మెదడులో చిప్ అమర్చి కంప్యూటరును నడిపించే ప్రయోగాలు రెండు దశాబ్దాలకు పైగా జరుగుతున్నాయి, 2024 జనవరిలో న్యూరాలింక్ సంస్థ మనిషిలో తన తొలి అమరిక చేసింది. అవి నిజమైన పురోగతే, కానీ చాలావరకు పుర్రె తెరిచి చేసే శస్త్రచికిత్సతో కూడిన పరీక్షల దశలో ఉన్నవి. రేపటి దాని కోసం ఈ ఎనిమిది నెలలకు మరో ఎనిమిది నెలలు చేర్చవలసిన అవసరం లేదు.

మీరు డబ్బు పెట్టవలసిన మొదటి వస్తువు స్టాండు. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ, ఎంత మంచి సాఫ్ట్‌వేరు పెట్టినా ఫోను రెండు అంగుళాలు పక్కకు ఒరిగితే కెమెరాకు ముఖం అందదు, మనిషికి తెర అందదు, మళ్ళీ అమ్మను పిలవవలసిందే. మంచానికి ఒకటి, చక్రాల కుర్చీకి ఒకటి, గట్టి క్లాంపుతో బిగుసుకుని బరువుకు వాలిపోనివి కావాలి. పడుకున్నప్పుడు ఫోను ముఖం మీద పడే ప్రమాదం లేకుండా కాస్త పక్కనుంచి వంగి వచ్చేలా అమర్చండి. ఛార్జింగు వైరు శాశ్వతంగా స్టాండుకే కట్టి ఉంచండి. సరైన కోణం దొరికాక స్టాండు మీద, మంచం మీద గుర్తులు గీయండి, అప్పుడు ఎవరు అమర్చినా ఒకే చోట నిలుస్తుంది.

ఉద్యోగం సంగతి మీరు అడగలేదు కానీ, లెక్కలు చూసే పని అని రాశారు కాబట్టి చెబుతున్నాను. విండోస్ 11కు 2022లో వచ్చిన మార్పులతో వాయిస్ యాక్సెస్ అన్న సౌకర్యం చేరింది. భాషకు సంబంధించిన ఫైలు ఒకసారి దింపుకున్నాక అది ఇంటర్నెట్ లేకుండానే పనిచేస్తుంది. లెక్కల పట్టికలో గడి నుంచి గడికి వెళ్ళడం, అంకెలు వేయడం అంతా మాటతో జరుగుతుంది. పెదవులతో, పళ్ళతో పట్టుకునే నోటిపుల్లతో కీబోర్డు నొక్కేవారూ ఉన్నారు. అలాంటివారికి పనికొచ్చే స్టికీ కీస్ అన్న ఏర్పాటు ఉంది. రెండు మూడు మీటలు కలిపి నొక్కవలసిన చోట ఒకదాని తర్వాత ఒకటి నొక్కితే సరిపోతుంది. నోటిపుల్ల వాడదలిస్తే పళ్ళకు సరిపడే కొసను దంతవైద్యుడి సలహాతో చేయించండి, దవడ నొప్పి మొదలైతే ఆపేయండి. ఫోను తెర మీద మామూలు పుల్ల పనిచేయదు, విద్యుత్తు ప్రసరించే కొస ఉన్న స్టైలస్ (తెర మీద వాడే పుల్ల) కావాలి. పాత ఉద్యోగానికి వెళ్ళగలడా అన్నది ఇప్పుడే తేల్చకండి. రోజుకు అరగంట తన సొంత లెక్కలు చూసుకోవడంతో మొదలుపెట్టనివ్వండి.

ఇంట్లో వాళ్ళు పాటించవలసిన పద్ధతి గురించి కొంత నిక్కచ్చిగా చెబుతాను. అతను ఒక మెసేజి రాయడానికి ఏడు నిమిషాలు పడుతుంటే మీకు చెయ్యి దురద పెడుతుంది. అప్పుడు గదిలోంచి బయటికి వెళ్ళండి. సాధన కోసమని పనికిరాని వాక్యాలు చదివించకండి. తనకు కావలసిన పాట, తాను రాయాలనుకున్న మెసేజి, తాను చూడాలనుకున్న ఆట, వీటితోనే నేర్చుకోవాలి. తెర మీదికి తొంగి చూడకండి. రాత్రివేళ మాటతో మెసేజి చెబితే ఇల్లంతా వినపడుతుంది కాబట్టి, రెండో దారిగా చెప్పిన నిశ్శబ్ద పద్ధతి అతనికి అలసట తీర్చడానికే కాదు, ఏకాంతానికీ అవసరం. తాళం విషయంలో ముఖం గుర్తించే పద్ధతి పెట్టండి. అయితే ఫోను ఒకసారి ఆగి మళ్ళీ మొదలైతే ముఖం సరిపోదు, అంకెలు కొట్టాల్సిందే. ఆ అంకెలు ఎవరికి తెలియాలో అతనే ఎంచుకోవాలి, ఆ ఎంచుకున్న మనిషి ఆ ఒక్క పనికే వాటిని వాడాలి. అతను మీకు కాకుండా ఒక స్నేహితుడికి చెప్పదలిస్తే నొచ్చుకోకండి.

చివరిగా అమ్మ నిద్ర. రాత్రి పిలుపుకు ఫోనును ఏకైక ఆధారం చేయకండి. ఇంటర్నెట్ పోవచ్చు, బ్యాటరీ అయిపోవచ్చు, గొంతు పెగలకపోవచ్చు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవారిలో మూత్రపు గొట్టం మడతపడటం వంటి చిన్న కారణానికే రక్తపోటు హఠాత్తుగా ప్రమాదకరంగా పెరిగి, తల పగిలిపోయే నొప్పి, చెమటలు రావచ్చని వైద్యులు మీకు చెప్పే ఉంటారు. అలాంటి వేళ పిలుపు ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకూడదు. తల కొద్దిగా తిప్పితే చెంప తాకే చోట పెద్ద బొత్తాం ఒకటి బిగించి, దాన్ని బ్యాటరీతో నడిచే వైరులేని కాలింగ్ బెల్‌కు కలిపించండి. ఎలక్ట్రానిక్స్ పని తెలిసినవారు దీన్ని సులువుగా చేసిపెడతారు. బెల్ అమ్మ గదిలో మోగాలి. దానికి తోడుగా పసిపిల్లల గదుల్లో పెట్టే శబ్ద పరికరం ఒకటి ఆన్‌లో ఉంచండి. రాత్రి మీరు అతన్ని ఏయే పక్కలకు తిప్పి పడుకోబెడతారో అన్ని పక్కల నుంచీ చెంపకు బొత్తాం అందుతోందో లేదో పగలే పరీక్షించండి, ఒక పక్క అందకపోతే రెండో బొత్తాం పెట్టండి. ఆ తర్వాత వారం రోజులు అమ్మ ఆ గదిలోనే పడుకుని, అవసరం పడిన ప్రతిసారీ అతను నోటితో పిలవకుండా బెల్‌తోనే లేపాలి. ఏడు రాత్రులూ ఒక్కసారి కూడా తప్పకుండా మోగితే, ఎనిమిదో రాత్రి ఆమె తన మంచం మీద పడుకోవచ్చు.